ఒక్క ఆటతో కుర్రాణ్ణి కొలవడం ఎలా?

2011 జనవరి 5న అమెరికాలోని బఫెలో నగరంలో ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ ఫైనల్ జరిగింది. ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్ల పోటీ అది. మూడు పీరియడ్ల ఆటలో రెండు ముగిసేసరికి కెనడా 3-0 ఆధిక్యంలో ఉంది. చివరి ఇరవై నిమిషాల్లో రష్యా వరసగా ఐదు గోల్స్ వేసి 5-3తో గెలిచింది. ఇలాంటి ఆట ముగిశాక వీరులెవరో, దోషులెవరో తేల్చడానికి ప్రేక్షకులకు పది నిమిషాలు చాలు. ఆ పని కొంచెం నిదానంగా చేస్తే ఏం తెలుస్తుందో చూద్దాం.

మొదట ఆట నడిచే తీరు తెలియాలి. మామూలుగా ఒక్కో జట్టు నుంచి మంచు మీద ఐదుగురు ఆటగాళ్లు, ఒక గోలీ, అంటే గోల్‌కు కాపలా కాసేవాడు, ఉంటారు. ఆ ఐదుగురూ ముప్పావు నిమిషం అటూ ఇటూగా ఆడి, అలసిపోగానే బెంచి మీదికి వెళ్లి మరొకరికి చోటిస్తారు. ఈ వంతునే షిఫ్ట్ అంటారు. అందువల్ల అరవై నిమిషాల ఆటలో పేరున్న ఫార్వర్డ్ కూడా దాదాపు నలభై నిమిషాలు కూర్చునే ఉంటాడు. ఫలానా కుర్రాడు కీలక సమయంలో కనిపించలేదని నిందించే ముందు, అతను అప్పుడు మంచు మీద ఉన్నాడా అని చూసుకోవడం మర్యాద.

తర్వాత అందరూ చూసేది స్కోర్‌షీట్. గోల్ వేసినవాడికి ఒక పాయింటు. దానికి ముందు పక్‌ను, అంటే ఆ నల్లటి రబ్బరు బిళ్లను, అందించినవాళ్లలో గరిష్ఠంగా ఇద్దరికి చెరో పాయింటు. ఈ అందింపే అసిస్ట్. ఆ ఫైనల్లో రష్యా ఆటగాడు ఆర్టెమీ పనారిన్ రెండు గోల్స్ వేశాడు. యెవ్గెనీ కుజ్నెత్సోవ్ ఒక్క గోలూ వేయకుండా మూడు అసిస్టులు సంపాదించాడు. కాగితం ప్రకారం కుజ్నెత్సోవ్‌దే పైచేయి. వీధిలో అడిగితే పనారిన్ పేరే చెబుతారు.

కాగితానికీ లోపం ఉంది. రక్షణ వలయాన్ని చీల్చిన పాసుకూ, ఎవరి కర్రకో తగిలి అదృష్టవశాత్తూ చేరిన పాసుకూ అది ఒకే పాయింటు ఇస్తుంది. ప్రత్యర్థిని అంచు గోడ వైపు నెట్టి, షాట్ కొట్టే అవకాశమే లేకుండా చేసిన డిఫెండర్‌కు ఏమీ ఇవ్వదు. జరగకుండా ఆపిన గోల్‌కు ఎక్కడా గడి లేదు. మంచి డిఫెండర్ పేరు ఆట మొత్తంలో వినిపించకపోవడానికి కారణం ఇదే.

ఈ లోటు తీర్చడానికే ప్లస్-మైనస్ అనే లెక్క వచ్చింది. ఇరుజట్ల మనుషులూ సమానంగా ఉన్నప్పుడు తన జట్టు గోల్ వేస్తే మంచు మీద ఉన్న ఐదుగురికీ ప్లస్ ఒకటి, ప్రత్యర్థి వేస్తే అందరికీ మైనస్ ఒకటి. తప్పు చేసినవాడికీ, అతని పక్కన నిలబడినవాడికీ ఒకటే శిక్ష. ఉమ్మడి బాధ్యత అనే భావన ఇంత నిష్కర్షగా అమలయ్యే చోట్లు లోకంలో తక్కువ.

గోలీ విషయం ఇంకా సున్నితం. అతణ్ణి కొలిచేది ఎదుర్కొన్న షాట్లలో ఎన్ని ఆపాడన్న శాతంతో. ఇరవై షాట్లలో పద్దెనిమిది ఆపితే 90 శాతం, పదిహేడు ఆపితే 85. మొదటివాణ్ణి మెచ్చుకుంటారు, రెండోవాణ్ణి మారుస్తారు. ఇద్దరికీ తేడా, ఎవరి కాలికో తగిలి దారి మళ్లిన ఒక్క పక్ కావచ్చు.

ఇక సందర్భం. మూడు గోల్స్ ముందున్న జట్టు సహజంగానే వెనక్కి తగ్గి కాచుకుంటుంది, వెనకబడిన జట్టు తెగించి దాడి చేస్తుంది. అందువల్ల స్కోరును పక్కన పెట్టి షాట్లు మాత్రమే లెక్కపెట్టకూడదు. బఫెలోలో మూడో పీరియడ్ మొదట్లో రష్యా తొలి రెండు గోల్స్ మధ్య గడిచింది 13 సెకన్లు. అంత తక్కువ వ్యవధిలో కెనడా జట్టులో చాలామంది బెంచి మీదే ఉన్నారు. అయినా కుప్పకూలిన నింద మాత్రం జట్టంతటికీ సమానంగా దక్కింది.

ఓడిన కెనడాకే చెందిన బ్రేడెన్ షెన్ ఆ పోటీల్లో ఏడు ఆటల్లో 18 పాయింట్లు సాధించి అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఫైనల్లో మూడో గోల్ అతనిదే. ఓటమి అతని ఆటను తగ్గించలేదు, అతని ఆట ఓటమిని ఆపలేదు. క్రికెట్‌లో ఓడిన ఆటలోని సెంచరీని చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

చివరి అడుగు అన్నిటికన్నా జారుడు: ఆ రాత్రి ఆటను బట్టి కుర్రాడి భవిష్యత్తు చెప్పడం. కెనడా గోలీ మార్క్ విజెంటిన్‌ను ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ హాకీ లీగ్ అయిన ఎన్.హెచ్.ఎల్. జట్టు ఒకటి 2010 డ్రాఫ్టులో, అంటే కొత్తవారిని వంతులవారీగా ఎంచుకునే తతంగంలో, మొదటి వరుసలోనే తీసుకుంది. ఆ లీగ్‌లో అతను ఆడింది ఒకే ఒక్క ఆట. ఫైనల్లో రెండు గోల్స్ వేసిన పనారిన్‌ను ఏ జట్టూ, ఏ డ్రాఫ్టులోనూ ఎంచుకోలేదు. 2015లో అతను చికాగో జట్టుతో నేరుగా ఒప్పందం చేసుకుని, మరుసటి ఏడాదికే ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు. ఈ రెండు అంచనాలూ వేసినవారు ఆ పనికే జీతం తీసుకునే నిపుణులు.

కాబట్టి ఒక ఆట చెప్పగలిగేది, ఆ కుర్రాడు ఆ రాత్రి, ఎవరి మీద, ఏ స్కోరు దగ్గర, ఎన్ని నిమిషాల్లో ఏం చేశాడన్నది. ఎలాంటి ఆటగాడన్నది తేలాలంటే చాలా ఆటలు కావాలి. ఎలాంటివాడు అవుతాడన్నది తేలాలంటే కొన్నేళ్లు కావాలి.

ఈ పోటీలు ఏటా డిసెంబరు చివర్లో మొదలవుతాయి. ఈసారి చూసేటప్పుడు ఒక పీరియడ్ పాటు పక్‌ను వదిలేసి, ఒక్క ఆటగాణ్ణే గమనించండి. పక్ తన దగ్గర లేనప్పుడు అతను ఎక్కడ నిలబడుతున్నాడో చూడండి. తీర్పు ఆ తర్వాత చెప్పవచ్చు.