నిటారు నడుము చుట్టూ అపోహలు – వాస్తవాలు

వంగి కూర్చుంటే గూని వస్తుందన్న హెచ్చరిక వినకుండా పెరిగినవారు తెలుగు ఇళ్లలో అరుదు. ఆ భయాన్నే పెట్టుబడిగా చేసుకొని భుజాలను వెనక్కి లాగే పట్టీలు, నడుము బెల్టులు, ప్రత్యేకమైన కుర్చీలు, దిండ్లు అమ్మే వ్యాపారం పెరిగింది. మరోవైపు అలెగ్జాండర్ టెక్నిక్, ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి, రోల్ఫింగ్, పిలాటీస్ వంటి పాశ్చాత్య పద్ధతుల పేర్లు కూడా తెలుగు పాఠకులకు పరిచయమవుతున్నాయి. వీటిలో కొన్ని శిక్షకుడు చేతులతో తాకి, నొక్కి చేసేవి కాగా, మరికొన్ని సాధకుడు తానుగా కదిలి నేర్చుకునేవి. శరీరం బిగువు తగ్గి సుఖంగా కదలాలన్న లక్ష్యం అన్నిటికీ ఉమ్మడిదే అయినా, వీటి చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం చాలావరకు ఒకే మూలం నుంచి పుట్టాయి: భంగిమ అంటే ఎముకలను సరైన ఆకారంలో పేర్చి అలాగే నిలిపి ఉంచడమన్న నమ్మకం అది. నిలబడినా, కూర్చున్నా మనిషి శరీరం ఎంతో కొంత ఊగుతూనే ఉంటుందనీ, నాడీవ్యవస్థ క్షణక్షణం కండరాల బిగువును సర్దుతూ ఉండడమే భంగిమ అనీ గ్రహిస్తే ఈ అపోహల్లో సగం వాటంతటవే వీగిపోతాయి.

అపోహ: నిటారుగా కూర్చుంటే వెన్ను క్షేమం, జారగిలబడితే డిస్కులు అరిగిపోతాయి.

ఈ నమ్మకానికి శాస్త్రీయమైన మూలం లేకపోలేదు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే బిళ్ళలనే డిస్కులు అంటారు. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్‌సన్ 1960లలో డిస్కులోకి సూది పంపి ఒత్తిడిని కొలిచి, నిలబడినప్పటి కంటే కూర్చున్నప్పుడు అది ఎక్కువగా ఉంటుందని తేల్చగా, ఆ ఫలితం దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. అయితే 1999లో జర్మనీలో హాన్స్ యోఆఖిమ్ విల్కె బృందం ఒక స్వచ్ఛంద వ్యక్తి నడుములోని డిస్కులో సన్నని కొలత పరికరాన్ని అమర్చి, రోజువారీ పనులన్నీ చేయించి చూసినప్పుడు లెక్క మారింది. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కళ్లు ఉన్న ఒత్తిడి, ఆనుడు లేకుండా మామూలుగా కూర్చున్నప్పుడు 0.46కు తగ్గింది, నడుమును బలవంతంగా నిటారు చేసి కూర్చున్నప్పుడు 0.55కు పెరిగింది, కుర్చీలో జారగిలబడినప్పుడు 0.27కు పడిపోయింది. ఇళ్లలో పెద్దలు వద్దన్న భంగిమే డిస్కుకు ఎక్కువ విశ్రాంతినిచ్చిందన్నమాట. ఇది ఒకే ఒక మనిషి శరీరంలో తీసిన కొలత కాబట్టి దీనిని పట్టుకొని జారగిలబడి కూర్చోవడమే ఆరోగ్యమని చాటడం కూడా తొందరపాటే అవుతుంది. పైగా ఒత్తిడి వేరు, నొప్పి వేరు.

ఆ తేడాను మరచిపోవడం వల్లనే సెల్‌ఫోన్ చూసేవారి మెడ గురించిన భయం కూడా అంతగా పాకింది. సుమారు 5 కిలోల బరువుండే తలను 60 డిగ్రీలు వంచితే మెడపై 27 కిలోల భారం పడుతుందని 2014లో వెలువడిన లెక్క పత్రికలన్నిటా తిరిగింది గానీ, అది కంప్యూటర్ నమూనాతో వేసిన అంచనా మాత్రమేననీ, నొప్పి ఉన్నవారినీ లేనివారినీ పోల్చి చూసిన పరిశీలన కాదనీ చెప్పినవారు తక్కువ. ఎక్కువసేపు కదలకుండా ఉండిపోతే ఏ భంగిమైనా ఇబ్బంది పెడుతుంది. తరచుగా మారుతూ ఉంటే దాదాపు ఏ భంగిమైనా ఇబ్బంది పెట్టదు.

అపోహ: అలెగ్జాండర్ టెక్నిక్ అంటే నిటారుగా నిలబడడం నేర్పే శిక్షణ.

ఫ్రెడరిక్ మథియాస్ అలెగ్జాండర్ 1869లో ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా దీవిలో పుట్టాడు. రంగస్థలంపై కవితలు, నాటక భాగాలు వినిపించే వృత్తిలో ఉండగా అతని గొంతు తరచుగా బొంగురుపోయేది. విశ్రాంతి తీసుకుంటే తగ్గి, వేదిక ఎక్కగానే తిరగబెట్టేది. అందువల్ల తప్పు గొంతులో కాక దానిని వాడే తీరులో ఉందేమోనన్న అనుమానంతో అతడు అద్దాల ముందు నిలబడి తనను తాను చాలాకాలం గమనించాడు. వినిపించడం మొదలుపెట్టబోయే క్షణంలోనే తల వెనక్కి లాగుకుంటోందనీ, స్వరపేటిక కిందికి అణగుతోందనీ, నోటితో చప్పుడుగా గాలి పీలుస్తున్నాడనీ అతనికి కనబడింది. తలను ముందుకు పెట్టి సరిదిద్దాలని ప్రయత్నిస్తే మరొకచోట బిగువు పుట్టింది. సరిగ్గా ఉందని అనిపించినప్పుడు కూడా అద్దంలో తప్పే కనిపించింది. చివరికి అతడు తేల్చుకున్నది ఏమిటంటే, సరైనదాన్ని చేయడానికి ముందు అలవాటైనదాన్ని చేయకుండా ఒక్క క్షణం ఆగడం నేర్చుకోవాలి. అతని పద్ధతికి ఆ ఆగడమే గుండెకాయ.

అందుకే ఈ పాఠాల్లో కసరత్తులు దాదాపు ఉండవు. శిక్షకుడు విద్యార్థి మెడ మీద తేలికగా చేయి ఉంచి కుర్చీ నుంచి లేవమంటాడు. లేవాలన్న ఆలోచన రాగానే మెడ వెనుక కండరం బిగుసుకోవడం చేతికి తెలుస్తుంది. ఆ బిగువు రాకుండా లేవడమే పాఠం. ఇంటి దగ్గర చేసే సాధన కూడా అంతే నిరాడంబరమైనది: నేల మీద వెల్లకిలా పడుకొని, తల కింద రెండు మూడు పుస్తకాలు పెట్టుకొని, మోకాళ్లు మడిచి, పాదాలను నేలకు ఆన్చి పది, పదిహేను నిమిషాలు మెలకువగా ఉండడం.

దీనికి ఆధారం ఏమిటని అడగవలసిందే. బ్రిటన్‌లో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 579 మందిపై జరిగి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన పరీక్షలో, మామూలు వైద్యం మాత్రమే పొందినవారు ఏడాది తరువాత నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పితో గడిపితే, 24 అలెగ్జాండర్ పాఠాలు నేర్చుకున్నవారు 3 రోజులు గడిపారు. అదే పరీక్షలో మర్దన పొందినవారికి తొలి నెలల్లో కనిపించిన ఉపశమనం ఏడాది నాటికి చాలావరకు నిలవలేదు. నేర్చుకున్నది మిగిలిందనీ, చేయించుకున్నది కరిగిపోయిందనీ దీని నుంచి అనుకోవచ్చు. అయితే ఈ పద్ధతికి నోబెల్ బహుమతి వచ్చిందన్న ప్రచారం మాత్రం నిజం కాదు. 1973లో వైద్యశాస్త్ర నోబెల్ పొందిన నికో టిన్‌బెర్గెన్ తన ప్రసంగంలో అలెగ్జాండర్‌ను ప్రశంసించిన మాట వాస్తవమే గానీ, ఆయనకు బహుమతి దక్కింది జంతువుల ప్రవర్తనపై చేసిన పరిశోధనకు.

అపోహ: ఇవన్నీ యోగా నుంచే పుట్టాయి.

రోల్ఫింగ్‌ను రూపొందించిన అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త ఐడా రోల్ఫ్ యోగా అభ్యసించింది కాబట్టి ఆమె విషయంలో ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. అలెగ్జాండర్ దారి రంగస్థలం నుంచి వచ్చింది. మోషే ఫెల్డెన్‌క్రైస్ ఇంజనీరు, జూడో నిపుణుడు. దెబ్బతిన్న తన మోకాలితో నడవడం ఎలాగన్న ప్రశ్న నుంచి, నేల మీద పడుకొని అతి నెమ్మదిగా, అతి చిన్నగా కదులుతూ తేడాలను గమనించే పద్ధతిని ఆయన నిర్మించాడు. జోసెఫ్ పిలాటీస్ జర్మన్ వ్యాయామవీరుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో నిర్బంధంలో ఉండగా తన కసరత్తులకు రూపమిచ్చాడు. వేరు వేరు నేలల్లో మొలిచినవాటికి ఒకే గోత్రం అంటగట్టడం యోగాకు గౌరవమూ కాదు, అవసరమూ కాదు.

అపోహ: ఎంత గట్టిగా నొక్కితే అంత గుణం, మెటికలు విరిస్తే ఎముక చోటికి వస్తుంది.

కండరాలను చుట్టి, ఒకదానితో ఒకటి కలిపే పలుచని, గట్టి పొరను ఫాసియా అంటారు. ఆ పొర కుంచించుకుపోవడం వల్ల శరీరం వంకర అవుతుందనీ, పది విడతల్లో లోతుగా నొక్కి దానిని సాగదీయవచ్చుననీ రోల్ఫ్ బోధించింది. కానీ 2008లో వెలువడిన ఒక గణిత విశ్లేషణ, తొడ పక్కన, అరికాలిలో ఉండే గట్టి ఫాసియాను ఒక్క శాతం మార్చాలన్నా మనిషి చేతులు పెట్టగలిగిన దాని కంటే చాలా ఎక్కువ బలం కావాలని చూపింది. నొక్కిన తరువాత కలిగే తేలికదనం అబద్ధం కాదు. అది ఆ పొర సాగడం కంటే, స్పర్శకు నాడీవ్యవస్థ స్పందించి బిగువును సడలించడం వల్ల వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. దానికి కన్నీళ్లు వచ్చేంత నొప్పి అక్కరలేదు.

మెడ పట్టేసినప్పుడు నరం మీద నరం ఎక్కిందని పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ అనుకుంటారు. నరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు. జరిగేది సాధారణంగా కండరం ఒక్కసారిగా బిగుసుకోవడమే. మెటిక విరిచినప్పటి చప్పుడు కూడా ఎముక చోటికి వచ్చినందువల్ల పుట్టేది కాదు, కీలులోని ద్రవంలో వాయుబుడగ ఏర్పడినందువల్ల వచ్చేదని 2015లో ఎమ్మారై చిత్రాల ద్వారా చూపారు. వేళ్ల సంగతి అలా ఉంచితే, క్షవరం అయ్యాక తల పట్టుకొని మెడను ఒక్క విసురుతో తిప్పించుకోవడం మాత్రం మానుకోవలసిన అలవాటు. మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమనుల్లో రెండు మెడ పూసల గుండానే పోతాయి. అరుదుగానైనా వాటి లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు.

అపోహ: బెల్టు కట్టుకుంటే నడుము కుదురుతుంది.

దీర్ఘకాలిక నడుము నొప్పిపై 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడుము బెల్టులను, బరువులు వేలాడదీసి లాగే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దని చెప్పి, అవగాహన కల్పించడాన్ని, వ్యాయామాన్ని సూచించింది. శస్త్రచికిత్స తరువాతనో, ఎముక విరిగినప్పుడో వైద్యుడు కట్టమన్న బెల్టు సంగతి వేరు.

అపోహ: చేయించుకున్నాక తగ్గింది కాబట్టి ఆ చికిత్సే తగ్గించింది.

నడుము ఇలుకు పట్టినప్పుడు ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తన్నించుకుంటే పోతుందన్న నమ్మకం తెలుగునాట ఇంకా ఉంది, పోతుంది కూడా. హఠాత్తుగా వచ్చే నడుము నొప్పి చాలామందిలో కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుతుంది కాబట్టి, ఆ వ్యవధిలో ఏది చేసినా పేరు దానికే దక్కుతుంది. గంటకు వేల రూపాయలు తీసుకునే పద్ధతులకూ ఇదే కొలబద్ద వర్తిస్తుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇటువంటి చికిత్సలను సమీక్షించి, ఆధారాలు చాలవన్న కారణంతో 2019 ఏప్రిల్ నుంచి అలెగ్జాండర్, ఫెల్డెన్‌క్రైస్, రోల్ఫింగ్, పిలాటీస్, చివరికి యోగాను సైతం ప్రైవేటు ఆరోగ్య బీమా పరిధి నుంచి తొలగించింది. ఆధారం చాలకపోవడమూ పనికిరాదని రుజువు కావడమూ ఒకటి కావు గానీ, ఖచ్చితంగా నయమవుతుందని హామీ ఇచ్చే శిక్షకుని దగ్గర పాఠకులు జాగ్రత్త పడవలసిందే.

అన్నిటికీ మించి, నడుము నొప్పితో పాటు తొడల మధ్య భాగం మొద్దుబారినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, కాలిలో బలం తగ్గినా, లేక నొప్పికి జ్వరమో, కారణం తెలియని బరువు తగ్గుదలో తోడైనా అది భంగిమ సమస్య కాదు. మొదటి మూడింటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన రెండింటినీ ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి.