శిక్షణ పేరిట చాకిరీ

హైదరాబాద్ మాదాపూర్‌లో, 1998లో సైబర్ టవర్స్ లేచిన చోట, నేడు విదేశాలకు పంపే కన్సల్టెన్సీల బోర్డులూ వెలిశాయి. పొలాల్లో, హోటళ్లలో శిక్షణ, పైగా జీతం అని ఆశపెడతారు. ఇది కొత్త మాటేం కాదు. జపాన్ 1993లో సాంకేతిక శిక్షణ పథకం పెట్టింది. శిక్షణ పేరుకే, ట్రైనీలు పొలాలకూ, ఫ్యాక్టరీలకూ చవక కూలీలయ్యారు. యజమాని వేధించినా మరోచోటికి మారే వీలు దాదాపు ఉండేది కాదు. చివరికి 2024లో ఆ పథకాన్ని ఎత్తేసేందుకు జపానే చట్టం చేసింది.

నాట్ల ముఠా కూడా రేటు తేల్చుకోందే మడిలో దిగదు. మన పిల్లలూ అడగాలంటాం: జీతమెంత? గంటలెన్ని? కోతలెంత? యజమానిని మారొచ్చా? కాగితమేది? 1983 వలస చట్టం ప్రకారం విదేశీ కొలువులకు పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించరాదు. అవి చూడందే ఉన్న ఎకరం తాకట్టు పెట్టొద్దు.