సారంగధరుడు, యోసేపు: సాహిత్య విశ్లేషణ వ్యాసంలో భాష, ఆధారం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత సంఘాల నుండి వేదాంత విద్యకు వచ్చేవారిలో చాలామందికి ప్రసంగం సిద్ధపరచడం తెలుసు. సాహిత్య విశ్లేషణ వ్యాసం అనగానే తడబడతారు. ప్రసంగం వినేవారిని విశ్వాసం వైపు నడిపిస్తుంది. విశ్లేషణ వ్యాసం చదివేవారి చేతికి ఆధారాన్నిచ్చి, పరిశీలించుకోమంటుంది. ఈ తేడాను మన ప్రాంతపు నాటకకర్త రచనతోనే వివరిస్తాము.

ధర్మవరంలో పుట్టి, బళ్లారిలో న్యాయవాదిగా, నాటకకర్తగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఆంధ్ర నాటక పితామహుడుగా ప్రసిద్ధులు. ఆయన రచనల్లో 'విషాద సారంగధర' ఒకటి. చిత్రాంగి తన సవతి కొడుకైన సారంగధరుని మోహిస్తుంది. అతడు నిరాకరించగా నింద మోపుతుంది. రాజు ఆ నిందను నమ్మి కొడుకుకు ఘోరశిక్ష విధిస్తాడు. ఈ కథ వినగానే మనకు యోసేపు, పోతీఫరు భార్య గుర్తుకు వస్తారు (ఆదికాండము 39:7–20).

1. వాదాంశం

"రెండు కథలూ పవిత్రతను నేర్పుతాయి" అన్నది ప్రసంగాంశం. దాన్ని ఎవరూ కాదనరు గనుక నిరూపించవలసినదేమీ మిగలదు. వ్యాసానికి తేడాలు కావాలి. గౌరన 'నవనాథ చరిత్ర'లోను, చేమకూర వేంకటకవి 'సారంగధర చరిత్ర'లోను నరకబడిన అవయవాలు సిద్ధుని అనుగ్రహంతో తిరిగి వస్తాయి. ఆచార్యులవారు ఆ కథనే విషాదాంతం చేశారు. యోసేపు చెరసాల దాటి ఐగుప్తులో అధికారి అవుతాడు. నిర్దోషికి జరిగిన అన్యాయాన్ని ఏ రచన ఎలా ముగించింది, ఎందుకు? ఈ ప్రశ్నకు రచనలోని సంభాషణలు, సంఘటనలు చూపించి ఇచ్చే జవాబే వాదాంశం. ప్రతి పేరా దానికే పనిచేయాలి.

2. భాష

మన వ్యాసాల్లో తరచుగా కనిపించే దోషాలు మూడు.

మొదటిది, శైలీ సంకరం. బైబిలు చదివిన అలవాటుతో ఒక వాక్యంలో "చెప్పెను", ఇంటి వాడుకతో మరొక వాక్యంలో "చెప్పినాడు", పత్రికల ప్రభావంతో ఇంకొకచోట "చెప్పాడు" అని రాస్తుంటారు. ఏదో ఒకటే చివరివరకు పాటించాలి. ఉదాహరించిన మాటలను మాత్రం మూలంలో ఉన్నట్లే ఉంచాలి.

రెండవది, క్త్వార్థక దోషం. "చిత్రాంగి నింద మోపి, రాజు శిక్షించాడు" అనకూడదు. 'మోపి' అన్నప్పుడు రెండు పనులకూ కర్త ఒక్కరే కావాలి. కర్తలు వేరు గనుక "చిత్రాంగి నింద మోపగా రాజు శిక్షించాడు" అనాలి.

మూడవది, కాలం. నాటకంలోని సంఘటనలను "నిరాకరిస్తాడు" అనీ, రచయిత జీవిత విషయాలను "రచించారు" అనీ చెబితే స్పష్టంగా ఉంటుంది.

3. ఆధార సూచన

రచయిత పేరు, గ్రంథనామం, ప్రచురణ స్థలం, ప్రచురణకర్త, సంవత్సరం, పుట తెలియజేయాలి. పాత నాటకాలకు ముద్రణలు మారితే పుటలూ మారతాయి గనుక అంకం, రంగం కూడా చేర్చాలి. మీ చేతిలో ఉన్న ముద్రణ సంవత్సరమే ఇవ్వాలి. బైబిలుకు అధ్యాయం, వచనాలతో పాటు ఏ అనువాదమో ఒకసారి చెప్పాలి. ఇతరుల అభిప్రాయాన్ని సొంత మాటల్లో రాసినా వారి పేరు చెప్పవలసిందే. మూలం చూడకుండా వేరొకరి పుస్తకం నుండి ఉదాహరిస్తే ఆ పుస్తకం పేరే ఇవ్వాలి.

సందర్భం తెంచి ఉదాహరించడం మరింత ప్రమాదం. పోతీఫరు భార్య చూపిన వస్త్రం నిజంగా యోసేపుదే. ఆమె చెప్పిన కథ మాత్రం అబద్ధం. ముందు వెనుకలు విడిచి ఎత్తిరాసిన వాక్యమూ అటువంటిదే.

ఈ నియమాలు కేవలం మార్కుల కోసం కాదు. విచారించకుండా నమ్మిన ఒక్క మాట వలన ఒకరు చెరసాల పాలయ్యారు, మరొకరు ప్రాణం పోగొట్టుకున్నారు. రచయిత అనని మాటను ఆయనకు అంటగట్టడం కూడా అబద్ధ సాక్ష్యమే. వాక్యం బోధించేవారిగా మనం దీనిని గుర్తెరగాలి.