డాక్టరుగారి నంబరు అడిగారా?

ఫోన్ నంబరు కాదు... రిజిస్ట్రేషన్ నంబరు!

పాలవాడు దొరికాడు. పనమ్మాయి కుదిరింది. స్కూలు బస్సు ఏ మలుపులో ఆగుతుందో తెలిసింది. తెనాలి నుంచి హైదరాబాద్ నిజాంపేటకు కాపురం మార్చిన ఆ ఇంట్లో నెల తిరక్కుండానే అన్నీ అమరాయి... ఒక్కటి తప్ప. అదేమిటో పిల్లాడికి రాత్రి పదింటికి నూట మూడు జ్వరం వచ్చినప్పుడుగానీ తెలిసిరాలేదు.

'ఇక్కడ మంచి డాక్టరెవరండీ?' అంటూ ఆ ఇల్లాలు ఎదురు ఫ్లాటు తలుపు తట్టింది. 'మందుల షాపు పక్క సందులో ఒకాయన ఉన్నాడమ్మా, హస్తవాసి మంచిది. ఒక్క సూది వేశాడంటే తెల్లారేసరికి జ్వరం దిగాల్సిందే' అంది ఆ పెద్దావిడ. ఆయన ఏం చదివాడని ఈవిడ అడగలేదు. అడిగినా ఆవిడకు తెలీదు.

తెనాలిలో ఆ బెంగే లేదు మరి. అత్తగారి బీపీ, మామగారి షుగరు, పిల్లాడి జలుబూ దగ్గూ అన్నీ ఒక్క డాక్టరుగారే చూసేవారు. పిల్లాడికి సల్ఫా మాత్రలు పడవని ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, ఆయనకే గుర్తు. 'దీనికి నేను చాలను, గుంటూరు తీసుకెళ్లండి' అని ఎప్పుడనాలో కూడా ఆయనకు తెలుసు. ఫ్యామిలీ డాక్టరంటే అదే. ఊరు మారినప్పుడు సామానుతోపాటు లారీలో ఎక్కించుకు రాలేనిదీ అదే!

కొత్త ఊళ్లో అలాంటి మనిషిని వెతుక్కోవడం ఎలా? మనవాళ్లకు తెలిసిన కొలబద్ద ఒక్కటే... హస్తవాసి. బంగారం కొంటే హాల్‌మార్క్ చూస్తాం. మిక్సీ కొంటే గ్యారంటీ కార్డు మీద షాపువాడి ముద్ర వేయించుకుంటాం. ప్రాణం అప్పగించే మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం అడగడానికి మొహమాటం.

ఆ మొహమాటం ఎంత ఖరీదైనదో చెప్పే లెక్క ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో మనదేశ వైద్య సిబ్బంది మీద ఒక నివేదిక ప్రచురించింది. 2001 జనాభా లెక్కల్లో అల్లోపతీ డాక్టర్లమని రాయించుకున్నవాళ్లలో 57.3 శాతం మందికి వైద్యవిద్య అర్హతే లేదని అందులో తేలింది. దాదాపు 31 శాతం మంది చదువు సెకండరీ స్కూలు దగ్గరే ఆగిపోయింది. లెక్క పాతదే. సమస్య మాత్రం పాతబడలేదు. 2024లో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ బృందాలు తనిఖీలకు బయల్దేరితే, అర్హత లేకుండా యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్‌లు ఇస్తున్నవాళ్లు జిల్లాల్లోనే కాదు, హైదరాబాద్ శివార్లలోనూ దొరికారు.

పది రోజుల జ్వరం

అర్హత అంటే గోడ మీద ఏదో ఒక పట్టా వేలాడటం కాదు. బొంబాయిలో 1992 జులైలో ఒకాయనకు జ్వరం వచ్చింది. తెలిసిన డాక్టరు దగ్గరికే వెళ్లాడు. ఆ డాక్టరు చదివింది హోమియోపతీ డిప్లొమా, రిజిస్ట్రేషనూ అందులోనే. ఇచ్చినవి మాత్రం అల్లోపతీ మందులు. ముందు వైరల్ జ్వరమన్నాడు, తర్వాత టైఫాయిడ్ అన్నాడు. రక్తపరీక్ష చేయించింది లేదు. పరిస్థితి విషమించాక నర్సింగ్‌హోమ్, అక్కణ్నుంచి పెద్దాసుపత్రి... పది రోజులు తిరిగేసరికి మనిషి లేడు. భార్య కోర్టుకెక్కింది. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఓడినా వెనక్కి తగ్గలేదు. 1996లో సుప్రీంకోర్టు ఆమెకు 3 లక్షల రూపాయల పరిహారం, ఖర్చుల కింద మరో 30 వేలు ఇప్పించింది. తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యం, వేరే రుజువు అక్కర్లేదని తేల్చింది.

హోమియో డాక్టరు హోమియోలో డాక్టరే. ఆయుర్వేద వైద్యుడూ అంతే. వాళ్లకు వేరే చదువులు, వేరే రిజిస్టర్లు ఉన్నాయి. బోర్డు మీద ఒక వైద్యం, చీటీలో మరో వైద్యం కనిపిస్తేనే చిక్కు.

మరి మన ఊళ్లలో ఆర్ఎంపీ సంగతి? ఆ మూడక్షరాలకు అసలు అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు ఆ పేరుతో పిలిపించుకునేవాళ్లలో చాలామందికి లేనిదే రిజిస్ట్రేషన్! అర్ధరాత్రి వానలో సైకిలేసుకుని వచ్చింది ఆయనే కదా అంటే కాదనలేం. ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న పల్లెలో ఆ మాటకు విలువుంది. కట్టు కట్టి, ఆసుపత్రికి పంపినంత వరకూ ఆయన మేలు చేసినవాడే. సెలైన్ ఎక్కించి, స్టెరాయిడ్ ఇచ్చి 'నేను చూసుకుంటాలే' అన్న క్షణం నుంచే ప్రమాదం. స్టెరాయిడ్‌తో ఒంటినొప్పులు ఇట్టే తగ్గుతాయి, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. హస్తవాసి అనుకునేది చాలాసార్లు అదే.

అక్షరాల తికమక

బోర్డు మీది అక్షరాలు చదవడం ఒక విద్య. ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ. ఇంటిల్లిపాదినీ చూడటానికి ఆ చదువు చాలు. 'ఫ్యామిలీ ఫిజీషియన్' అన్న మాట డిగ్రీ కాదు, ఏ ఎంబీబీఎస్ డాక్టరైనా రాసుకోవచ్చు, తప్పులేదు. ఫ్యామిలీ మెడిసిన్‌లో పైచదువు వేరే ఉంది. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల డీఎన్‌బీ. పసిపిల్లల జ్వరం నుంచి తాతగారి మోకాళ్ల నొప్పి దాకా చూడటంలో శిక్షణ ఇచ్చేది ఇదే. ఇది చదివినవాళ్లు మన దగ్గర తక్కువ. కనిపిస్తే అదృష్టమే.

'ఎండీ' అన్న రెండక్షరాలతోనే ఎక్కువ గందరగోళం. ఎండీ పక్కన జనరల్ మెడిసిన్ అనో, పీడియాట్రిక్స్ అనో ఉంటే ఎంబీబీఎస్ పైన మూడేళ్లు చదివారని అర్థం. రష్యా లాంటి దేశాల నుంచి వచ్చిన 'ఎండీ ఫిజీషియన్' అయితే మన ఎంబీబీఎస్‌తో సమానమే, పీజీ కాదు. అలా విదేశాల్లో చదివొచ్చినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే, 2002 నుంచి మొదలైన ఎఫ్ఎంజీఈ అనే పరీక్ష పాసవ్వాలి. ఇక ఎండీ పక్కన బ్రాకెట్లో 'ఏఎం' అని ఉందా? అది ఆల్టర్నేటివ్ మెడిసిన్. అల్లోపతీ మందులు రాయడానికి అది పనికిరాదు.

అక్షరాలు ఎవరైనా రాసుకోవచ్చు. నంబరు అలా కాదు. 2002లో వచ్చిన వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ తన రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి. మందుల చీటీ మీద, సర్టిఫికెట్ మీద, డబ్బు తీసుకున్న రసీదు మీద కూడా వేయాలి. ఫోన్లో వైద్యం చేసే డాక్టర్లకూ ఇదే వర్తిస్తుందని 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చెప్పాయి. అంటే నంబరు అడగడం పేషెంటు పెత్తనం కాదు, అది చూపించడమే డాక్టరు బాధ్యత.

అయినా నోరు రాదా? దానికీ ఉపాయముంది. 'ఆఫీసులో మెడికల్ బిల్లు పెట్టుకోవాలండీ, రిజిస్ట్రేషన్ నంబరున్న చీటీ ఇస్తారా?' అంటే చాలు. అసలు డాక్టరు రెండో ఆలోచన లేకుండా స్టాంపు కొట్టి ఇస్తారు.

నంబరు చేతికొచ్చాక నిమిషం పని. మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా స్థానంలో 2020 సెప్టెంబరులో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో 'ఇండియన్ మెడికల్ రిజిస్టర్' ఉంటుంది. అందులో రాష్ట్ర కౌన్సిల్ పేరు ఎంచుకుని నంబరు కొడితే డాక్టరు పేరు, తండ్రి పేరు, చదివిన డిగ్రీ, యూనివర్సిటీ, సంవత్సరం అన్నీ వస్తాయి. పేరుతోనూ వెతకొచ్చుగానీ, మన పేర్లతో అదో తలనొప్పి. శ్రీనివాసరావుని ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆలోచించండి! ఇంటిపేరు ముందో వెనకో, పూర్తిగానో పొడక్షరాల్లోనో... నంబరే నయం.

ఇంకో మెలిక. హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేస్తున్న డాక్టరు తెలంగాణ కౌన్సిల్ జాబితాలో లేకపోతే కంగారుపడొద్దు. 2014కు ముందు చేరినవాళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్లో నమోదైనవాళ్లు. అక్కడా చూడాలి. పై డిగ్రీ బోర్డు మీద ఉండి రిజిస్టర్లో లేకపోతే ఇంకా ఎక్కించలేదేమో, కౌన్సిల్‌నే అడగొచ్చు. అసలు మనిషే లేకపోతే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయని 2019 నాటి చట్టం చెబుతోంది.

రిజిస్టరులో పేరుంటే ఇక అంతా భద్రమేనా? అదీ కాదు. ఎఫ్ఎంజీఈ పాసవకుండానే 73 మంది రాష్ట్ర కౌన్సిళ్లలో నమోదైపోయారన్న కేసులో 2022 డిసెంబరులో సీబీఐ దేశమంతా సోదాలు చేసింది. ఇలాంటివి అరుదు. ఎలాగూ రిజిస్టర్ చెప్పేది చదువు గురించే. ఓపిక గురించి చెప్పదు.

జ్వరం లేని రోజు వెళ్లండి

ఆ రెండోది తెలుసుకోవాలంటే ఒంట్లో బాగున్న రోజే వెళ్లాలి. బీపీ చూపించుకునే వంకతో చాలు. పాత చీటీలు, పరీక్షల కాగితాలు ఒక ఫైల్లో పెట్టి తీసుకెళితే, వాటిని ఆయన తిరగేస్తారా, పక్కన పెట్టేస్తారా అన్నదే మొదటి పరీక్ష. ఇంట్లో ఎవరెవరికి షుగరుంది, ఏ మందు పడదు, నాటు మందులేమైనా వాడుతున్నారా అని అడిగే డాక్టరు సగం మార్కులు కొట్టేసినట్టే. ఇంజెక్షన్ వేయమని మీరే బతిమాలినా 'అవసరం లేదమ్మా' అని పంపేస్తే మిగతా సగం కూడా ఇచ్చేయొచ్చు. మనలో చాలామందికి అలాంటి డాక్టరే నచ్చడు, అది వేరే సంగతి!

చీటీ మీద జబ్బు పేరు రాస్తున్నారా, రాసింది చదవగలుగుతున్నారా గమనించండి. తాను ఊళ్లో లేనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లమంటారో ముందే అడిగి ఉంచుకోండి. ఆసుపత్రిలో చేరితే ఆ రికార్డులు కావాలని అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నదీ ఆ 2002 నియమావళిలోనే ఉంది. ఇంటి ఫైలు నిండుగా ఉంటే మళ్లీ ఊరు మారినా కథ మొదటికి రాదు.

నిజాంపేట ఇంట్లో ఆ రాత్రి పిల్లాణ్ని ఆటోలో నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. సల్ఫా పడదన్న మాట ఇల్లాలికి డాక్టరు అడిగేదాకా గుర్తురాలేదు. మర్నాడు అత్తగారు బీరువాలోంచి తెనాలి చీటీల కట్ట తీసింది. డాక్టరుగారి పేరు కింద, ఇన్నేళ్లుగా ఎవరూ చూడని చిన్న అంకెలు. జ్వరం తగ్గి మంచం మీద కూర్చున్న మనవడు వాటిని ఫోన్లో కొట్టాడు. పేరొచ్చింది. ఎంబీబీఎస్, ఆంధ్రా యూనివర్సిటీ, 1974. కింద తండ్రి పేరు.

'ముప్ఫై ఏళ్లుగా చూపించుకుంటున్నాం, ఆయన నాన్నగారి పేరు ఇవాళ తెలిసిందిరా' అని నవ్వింది నాన్నమ్మ. 'సరేగానీ, ఆ సందులో ఆయనదీ కొట్టి చూడు.'

'ఆయన చీటీ మీద నంబరు లేదట నాన్నమ్మా, ఎదురింటి మామ్మగారు చెప్పారు.'