వానలెక్కపై భీమా

మెట్టసేద్యమున పెట్టుబడి యంతయు వానపై నాధారపడినది. అప్పుతో విత్తనము, ఎరువు కూర్చి వేరుసెనగ విత్తిన పిమ్మట ఊడలు దిగు తరుణమున బెట్ట కలిగెనేని, పంట పోవుటయేగాక సంఘమునకు చెల్లింపవలసిన బాకీయు నిలిచిపోవును. ఇట్టి యాపదకు వానలెక్కను బట్టి సొమ్ము చెల్లించు భీమా యొక యుపాయము. సభ్యులు దాని స్వరూపము నెఱిగి చేరవలెనని మా కోరిక.

ఈ యాలోచన నేటిది కాదు. మైసూరునకు చెందిన జె. ఎస్. చక్రవర్తి 1920లో ప్రకటించిన వ్యవసాయ భీమా గ్రంథమున వర్షపాతమునే ఆధారముగా గైకొనవచ్చునని సూచించెను. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రపంచబ్యాంకు తోడ్పాటుతో బేసిక్సు సంస్థయు, ఐసీఐసీఐ లాంబార్డు కంపెనీయు కలసి వేరుసెనగ, ఆముదము సాగుచేయు సుమారు 230 మంది రైతులకు ఇట్టి పత్రముల నిచ్చినవి. 2007లో భారత వ్యవసాయ భీమా కంపెనీ ఈ పద్ధతిని కర్ణాటకమున ప్రారంభించెను.

పద్ధతి సులభము. పంటకాలమును దశలుగా విభజించి, ఒక్కొక్క దశకు ఇంత వాన యని నిర్ణయింతురు. ఒక దశకు హద్దు 100 మిల్లీమీటర్లు, లోటైన మిల్లీమీటరునకు 20 రూపాయలు అనుకొందము. 60 మాత్రమే కురిసినచో లోటు 40. రైతునకు రావలసినది 800 రూపాయలు. చేనుచేనునకు వచ్చి నష్టమును అంచనా వేయుపని లేదు గనుక సొమ్ము శీఘ్రముగా అందుటకు వీలు కలదు.

చిక్కు నిక్కడనే యున్నది. భీమావారు చూచునది మన చేనును గాదు, వర్షమాపకమును. ఎద్దుకొమ్మొకటి తడిసి రెండవది తడియని వానలు మన మెఱుగనివి కావు. మాపకమున్న యూర మంచివాన కురిసి మన యూర చుక్క రాలనిచో, చేనెండినను పైకము రాదు. అట్లే నెలంతయు బెట్టయై, ఒక్కనాటి కుంభవృష్టితో లెక్క నిండినచో లోటు కనబడకుండవచ్చును. పురుగు, తెగులు వలని నష్టము వానలెక్కలో చేరదు.

కావున సొమ్ము కట్టక మునుపు ఈ సంగతులు విచారింపుడు: మాపకము మన పొలమునకు ఎంత దూరము? దశల తేదీలు మన విత్తుకాలముతో సరిపడునా? ఎన్ని మిల్లీమీటర్ల వద్ద చెల్లింపు మొదలగును? ఒక్కనాటి పెద్దవాన నెట్లు లెక్కింతురు?

ప్రతి సంఘమును ఏరువాకకు ముందే సభ జరిపి పత్రమును తెలుగున చదివి వినిపింపవలెను. సంఘము ముంగిట నొక వర్షమాపకము నిలిపి, ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు లెక్క వ్రాయించుట మేలు. ఆ లెక్కపై భీమా సొమ్ము రాకున్నను, దగ్గఱలో మాపకము కావలెనని కోరుటకు అది మనచేతి సాక్ష్యమగును.