చోటు మార్చిన కొయ్య మేడ

పుట్టిన చోటు విడిచి, 300 మీటర్ల దూరం వెళ్ళి నిలబడిన మేడ ఒకటి ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో ఉంది. దాని పేరు ఓల్డ్ వెల్లింగ్టన్. 1552లో కట్టారు. 1830లో అందులో పబ్, అంటే పానశాల వెలసింది. ఇటుక మేడను విప్పబోతే మిగిలేది ఇటుకల గుట్టే గదా. మరి దీనికెలా సాధ్యమయింది?

రహస్యమంతా దాని చట్రంలో ఉంది. ఇటుక ఇంట్లో పైకప్పు బరువును గోడలు మోస్తాయి. ఇక్కడ ఆ పని ఓక్ కలపతో చేసిన స్తంభాలు, దూలాలే చేస్తాయి. ఇలాంటి ఇళ్ళలో స్తంభాల నడుమ ఖాళీలను తడికెలతో మూసి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవారు. మన పల్లెల్లో తడిక గోడలు చూసినవారికి ఇది కొత్త కాదు. ఆ గోడలన్నీ తీసేసినా చట్రం నిలిచే ఉంటుందన్నమాట! (చాలా ఇళ్ళ కొయ్యలకు కనబడే నల్లరంగు మాత్రం తర్వాతి కాలపు సోకు. ఓక్ తనంతట తాను ఎండకు, వానకు వెండిలా నెరుస్తుంది.)

నవారు మంచాన్ని గుర్తు తెచ్చుకోండి. పట్టె కొనను సన్నగా చెక్కి, కోడుకున్న బెజ్జంలో దూరుస్తారు. ఓక్ దూలాలనూ అలాగే కలిపి, ఆ కీలుకు అడ్డంగా కొయ్య చీలలు దిగగొట్టేవారు. ఇనుప మేకులు ఎందుకు వాడలేదు? పచ్చి ఓక్ కలపలో టానిన్ అనే ఆమ్లగుణం గల పదార్థం ఉంటుంది. అది ఇనుమును తినేస్తుంది. కొయ్య చీలకు ఆ భయం లేదు. ఇందులో వడ్రంగులు పన్నిన ఉపాయం మరీ గొప్పది. రెండు కొయ్యల్లోని రంధ్రాలను సూటిగా ఎదురెదురుగా కాక, రవ్వంత పక్కకు జరిపి తొలిచేవారు. చీల దిగుతున్నకొద్దీ ఆ రెండింటినీ దగ్గరకు లాగి బిగిస్తుంది. పచ్చి కలప ఆరి కుదించుకుపోయినా కీలు వదులు కాదు.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. నాలుగు అట్టముక్కలను మూలల్లో గుండుసూదులతో గుచ్చి చతురస్రం చేయండి. పక్కనుంచి నెడితే ఒరిగిపోతుంది. ఐదో ముక్కను కర్ణం వెంట గుచ్చండి, ఇక ఒరగదు. భుజాల పొడవు మారనంతవరకు త్రిభుజం ఆకారం మారదు. మేడ మూలల్లోని ఏటవాలు కర్రల పని ఇదే.

అసలు ఇలాంటి చట్రాన్ని వడ్రంగి ముందు తన ఆవరణలోనే నేల మీద పరచి కూర్చేవాడు. ప్రతి కీలు దగ్గర ఉలితో అంకె గుర్తు చెక్కి, విడదీసి, కట్టే చోటికి బండ్ల మీద చేరవేసేవాడు. అంటే ఇల్లు నిలబడకముందే ఒకసారి విప్పినట్టే!

1970 దశకంలో చుట్టూ కొత్త బజారు కడుతూ, ఓల్డ్ వెల్లింగ్టన్ అడుగున కాంక్రీటు పలక పోసి, మేడ మొత్తాన్ని సుమారు 1.4 మీటర్లు పైకెత్తారు. 1996 జూన్ 15న ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ పేల్చిన బాంబుకు ఆ ప్రాంతమంతా ధ్వంసమయింది. మేడ కూడా దెబ్బతింది. నగరాన్ని తిరిగి కట్టేటప్పుడు దీన్ని విప్పి, పెద్ద చర్చి దగ్గరకు చేర్చి, మళ్ళీ కూర్చారు. 1999లో తలుపులు తెరిచారు.