గట్టి ఫోనంటే సేఫ్టీ ఫోను కాదండి

మా పిన్ని కొడుకు మొన్న సంక్రాంతికి కొత్త ఫోను చూపించేడు. ఇటుకంత మందం, చుట్టూ రబ్బరు. "అన్నియ్యా, నీళ్ళలో పడేసినా ఏం కాదు, మేడ మీంచి పడినా ఏం కాదు. ప్లాంటులోకి ఇది పట్టుకెళ్ళొచ్చంట" అన్నాడు. మావోడికి పెద్దాపురం దగ్గర్లో తవుడు నుంచి నూనె తీసే ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికింది. ఫోను వాయిదాల్లో కొన్నాడు.

"ఎవడు చెప్పేడ్రా పట్టుకెళ్ళొచ్చని?"

"ఆన్‌లైన్‌లో రాసుందన్నియ్యా. ఐపీ 68, మిలిటరీ స్టాండర్డు."

రాసింది అబద్ధం కాదు. ఐపీ 68 అంటే దుమ్ము లోపలికి పోదు, నీళ్ళలో ముంచినా తట్టుకుంటుంది. మిలిటరీ స్టాండర్డంటే కింద పడినా బతుకుతుంది. రెండూ ఫోనుని కాపాడే మాటలే. ఆ ఫోను నుంచి మనల్ని ఎవరు కాపాడతారన్నది వేరే సంగతి. గ్యాసు ప్లాంట్లలో తొమ్మిదేళ్ళు ఇన్‌స్ట్రుమెంట్ పని చేసినోణ్ణి కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను. మన కుర్రాళ్ళు చాలామంది ఇదే పొరపాటు పడుతున్నారు.

తవుడు నుంచి నూనె లాగడానికి హెక్సేన్ అనే సాల్వెంటు వాడతారు. పెట్రోలుకి అన్నదమ్ముడు లాంటిది. దాని ఆవిరి గాలిలో 1.1% నుంచి 7.5% దాకా కలిస్తే చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. గాలి కంటే మూడు రెట్లు బరువు కాబట్టి పైకి పోదు. గుంటల్లోకి, కాలవల్లోకి, మెట్ల కిందకి పాకుతుంది. అంటుకోడానికి కావలసిన శక్తి ఓ మిల్లీజౌల్‌లో పావు వంతు. చలికాలం తలుపు పిడి ముట్టుకుంటే చేతికి చురుక్కుమంటుంది చూడండి, ఆ రవ్వ దీనికంటే పెద్దది. లిథియం బ్యాటరీ షార్టయితే ఇంక చెప్పక్కర్లేదు.

గ్యాసుకి నిప్పు దొరికితే ఏమవుతుందో మన గోదారోళ్ళకి ఒకరు చెప్పాలా? 2014 జూన్ 27 తెల్లారగట్ల నగరంలో పైపులైను గ్యాసు ఊళ్ళోకి పాకింది. ఇరవై మందికి పైగా పోయేరు.

ఇక్కడ ఓ నిజం కూడా చెప్పేయాలి. పెట్రోలు బంకులో ఫోను మోగితే పేలిపోద్దని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు నమ్మక్కర్లేదు. అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బంకుల్లో మంటల్ని పరిశీలిస్తే, ఫోను వల్ల అని తేలిన కేసు దొరకలేదు, స్టాటిక్ కరెంటు వల్ల అయినవి మాత్రం చాలా దొరికేయి. అలాగని ప్లాంటుకి ఇదే లెక్క కట్టకూడదు. బంకులో మనం ఐదు నిమిషాలుంటాం. ప్లాంటులో రోజూ పన్నెండు గంటలు, పంపు సీలు కారే చోట, నిచ్చెన మీద. అక్కణ్ణించి ఫోను ఇనప గ్రేటింగ్ మీద పడి, బ్యాటరీ నలిగితే?

సేఫ్టీ ఫోనులో లోపల కరెంటునే కట్టడి చేస్తారు. ఏదైనా చెడిపోయినా, గ్యాసుని అంటించేంత రవ్వ గానీ వేడి గానీ పుట్టకూడదు. దీన్ని ఇంట్రిన్సిక్ సేఫ్టీ అంటారు. ఈ ఆలోచన బొగ్గు గనుల్లోంచి వచ్చింది. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో పేలుడుకి 439 మంది కార్మికులు పోయేరు. సిగ్నల్ గంట తీగల్లో పుట్టిన రవ్వ మీద అనుమానం వచ్చింది, దాని మీద పరిశోధనలు జరిగేయి.

మరి గుర్తుపట్టడం ఎలా? ఫోను వెనకాలో, బ్యాటరీ దగ్గరో ఆరు మూలల గడిలో ఈఎక్స్ అని గుర్తుండాలి. దాని పక్కన ఓ వరస: 2జీ ఈఎక్స్ ఐబీ ఐఐసీ టీ4 జీబీ. చూస్తే మంత్రంలా ఉంటుంది గానీ విడగొడితే సులువే. జీ అంటే గ్యాసు. 2 అంటే జోన్ 1 దాకా పనికొస్తుందని, అంటే మామూలు పనిలోనే అప్పుడప్పుడు గ్యాసు ఉండే చోటు. 3 అని ఉంటే జోన్ 2కే, ఎప్పుడో తప్ప గ్యాసు రాని చోటికి. ట్యాంకు లోపల ఎప్పుడూ ఆవిరి ఉండే చోటు జోన్ 0, అక్కడికి 2 గుర్తు కూడా చాలదు. ఐఐసీ అంటే హైడ్రోజన్ లాంటి మహా చురుకైన వాటికి కూడా సరిపడుతుంది. హెక్సేన్‌కి ఐఐఏ చాలు. టీ4 అంటే ఫోను ఏ పరిస్థితిలోనూ 135 డిగ్రీలు దాటి వేడెక్కదు. హెక్సేన్ తనంతట తాను అంటుకునేది 225 దగ్గర, కాబట్టి టీ4 బాగానే సరిపోతుంది.

సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో చేసేవాళ్ళు కూడా వినండి. పిండి దుమ్ము గాల్లో లేస్తే అదీ పేలుతుంది. దానికి జీ కాదు, డీ అక్షరం ఉన్న గుర్తు కావాలి.

స్టిక్కరు ఎవడైనా అంటించగలడు. అందుకని సర్టిఫికెట్టు నంబరు చూడండి. ఐఈసీఈఎక్స్ సర్టిఫికెట్లయితే వాళ్ళ వెబ్‌సైటులో ఎవరైనా ఊరికే వెతుక్కోవచ్చు. నంబరు చివర ఎక్స్ అని ఉంటే ప్రత్యేక షరతులున్నట్టు. అవి తప్పకుండా చదవాలి. గ్యాసు ఉండే చోట చార్జింగు పెట్టకూడదు, ఇలాంటివే ఉంటాయి. ఐరోపా ఏటెక్స్ గుర్తు ఒక్కటీ ఉంటే మన దగ్గర పని అయిపోదు. పెట్రోలియం రూల్స్ 2002 కింద, ప్రమాదం ఉన్న చోట వాడే ఎలక్ట్రికల్ సామానుకి నాగపూర్‌లో ఉన్న పెసో ఆమోదం కూడా ఉండాలి. ఇంకోటి, గ్లాసు పగిలిందని బజార్లో డిస్‌ప్లే మార్పిస్తే ఆ సర్టిఫికెట్టు అక్కడితో సరి.

ఈకామ్, ఐ.సేఫ్ మొబైల్ లాంటి జర్మనీ కంపెనీలు ఇలాంటివి చేస్తాయి. ధర మామూలు ఫోనుకి ఎన్నో రెట్లు. అందుకే నా మాట ఒకటే, మీ జీతంతో కొనకండి. పనికి ఫోను కావాలంటే పని ఇచ్చినోడే ఇవ్వాలి, లేదంటే మన ఫోను గేటు దగ్గరే ఉంచాలి. హెల్మెట్టు మనం కొనుక్కుంటున్నామా? అడిగితే తీసేస్తారని భయం, తెలుసు. నలుగురు కలిసి అడగండి.

అన్నిటికంటే నాకు భయం టార్చి సంగతి. ట్యాంకులోకి తొంగి చూడ్డానికి జేబులోంచి ఫోను తీసి లైటు వేస్తారు. మన జి.రాగంపేట ఆయిల్ ఫ్యాక్టరీలో 2023 ఫిబ్రవరి 9న ట్యాంకు కడగడానికి దిగి ఏడుగురు ఊపిరాడక పోయేరు. అక్కడ పేలుడు లేదు. ఎంత ఖరీదు సేఫ్టీ ఫోనైనా లోపల గాలి పీల్చొచ్చో లేదో చెప్పదు. ఆ పని గ్యాసు డిటెక్టరుది. పైన కొలిచి, రాతపూర్వకంగా పర్మిట్ ఇచ్చి, పైన మనిషిని నిలబెట్టేదాకా ఎవరు చెప్పినా దిగొద్దు. ఒకడు పడిపోతే లాగుదామని ఇంకోడు దూకడం అసలే వొద్దు.

మావోడు ఇప్పుడు ఆ ఇటుక ఫోనుని గేటు దగ్గర పెట్టి వెళ్తున్నాడు. షిఫ్టుకో వాకీటాకీ ఇచ్చేరంట. దాని మీద గుర్తుందో లేదో ఫోటో తీసి పంపమన్నాను. "గేటు బయటికొచ్చి తియ్యరా బాబూ" అని కూడా చెప్పేను.